వేరు బతికే ఉంది

మణుగూరు బొగ్గు గుట్టల మీద అడవిని నాటాల్సిందే. కానీ అడవి అంచున నాటడం కంటే ముందు చేయాల్సిన పని వేరే ఉంది

చైత్రమాసం. ఇంకా తెల్లవారలేదు. మణుగూరు దాటాక అడవిలోకి వెళ్లే బండ్ల బాట పక్కన, ఇప్పచెట్టు కింద టార్చిలైటు వెలుతురు నేల మీద పాకుతోంది. తల్లి, ఇద్దరు పిల్లలు వంగి పువ్వు ఏరుతున్నారు. ఇప్పపువ్వును కోయరు. అది రాత్రంతా తనే రాలుతుంది. తెల్లారాక ఆలస్యం చేస్తే పశువులు మేస్తాయి, జింకలు తింటాయి, ఎలుగుబంటి కూడా రావచ్చు. అందుకే ఈ చీకటి పని. గాలి నిండా తియ్యటి, మత్తైన వాసన. చెట్టు కింద నేల మాత్రం నల్లగా ఉంది. మొన్న సాయంత్రం ఎండుటాకులకు నిప్పు పెట్టారు. నల్లటి నేల మీద తెల్లటి పువ్వు టక్కున కనిపిస్తుంది, గంప తొందరగా నిండుతుంది.

ఆ నిప్పు చెట్టు కిందే ఆగిపోతే గొడవ లేదు. ఆగదు. ఆకుల వెంట పాకుతూ పక్క చెట్టు కిందికి, అక్కడి నుంచి గుట్ట మీదికి పోతుంది. పెద్ద చెట్లకు ఏమీ కాదు. మోకాలెత్తు మొక్కలే పుల్లల్లా కాలిపోతాయి. వాటిలో నిరుడు మొలిచిన ఇప్పమొక్కలూ ఉంటాయి.

బీట్ ఆఫీసర్‌కూ పువ్వు ఏరేవాళ్లకూ మధ్య మాటలు ఏటా ఇవే.

‘‘నిప్పు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలక్కా?’’

‘‘పెట్టకపోతే ఆకుల్లో పువ్వు ఎట్ల కనపడ్తది సారూ?’’

ఇద్దరి మాటా నిజమే. మణుగూరు చుట్టూ అడవిని తిరిగి తేవాలనుకునేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది ఈ ప్రశ్నే. ఎన్ని మొక్కలు నాటాలన్నది తర్వాత సంగతి.

లెక్కల పండుగ

వానలు మొదలవగానే మొక్కల హడావుడి మొదలవుతుంది. దేశంలో వన మహోత్సవాన్ని కె.ఎం.మున్షీ 1950లో ప్రారంభించారు. తెలంగాణలో 2015 జూలైలో హరితహారం వచ్చింది, 2024లో దాని పేరు వన మహోత్సవంగా మారింది. పేరు ఏదైనా పద్ధతి ఒకటే. జిల్లాకింత, మండలానికింత, ఊరికింత అని లక్ష్యం పెడతారు. గుంత తవ్వుతారు, మొక్క పెడతారు, ఫొటో దిగుతారు. బడిపిల్లలు, ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు, సింగరేణి కార్మికులు, మహిళా సంఘాల సభ్యులు నిజంగానే చెమటోడుస్తారు. వాళ్ల శ్రమను తక్కువ చేయడానికి లేదు. కాకపోతే ఆ శ్రమ ఏ నేలలో పడుతోందో చూడాలి.

మణుగూరులో రెండు రకాల నేలలున్నాయి. ఒకటి గనులు తవ్విపోసిన మట్టిగుట్ట. రెండోది నరికినా, కాల్చినా, దున్నినా లోపల ఇంకా వేర్లు మిగిలిన అడవి అంచు. మొదటిదానికి మొక్క కావాలి. రెండోదానికి కావలసింది కాపలా. రెండింటికీ ఒకే మందు వేయడం వల్లే ఏటా నాటినచోటే మళ్లీ నాటుతున్నాం.

పాతాళం పైకొస్తే

ఓపెన్‌కాస్ట్‌లో బొగ్గు చిక్కాలంటే ముందు దాని మీదున్న మట్టినీ రాయినీ పెకలించి పక్కన పోయాలి. సింగరేణిలో దీన్ని ఓబీ అంటారు. సగటున ఒక టన్ను బొగ్గుకు ఐదారు ఘనపు మీటర్ల ఓబీ లేస్తుంది. మణుగూరు ప్రాంతంలో ప్రకాశం ఖని లాంటి ఓపెన్‌కాస్ట్‌ల చుట్టూ మెట్లుమెట్లుగా కనిపించే గుట్టలు అవే. మన ఊళ్లకు పాతకాలపు కొండలు అడ్డుగా ఉన్నట్టే ఇప్పుడు ఈ కొత్త కొండలూ ఉన్నాయి.

ఆ గుట్ట ఎక్కి చూస్తే నేల తలకిందులైందని తెలుస్తుంది. పైన ఉండాల్సిన చారెడు సారవంతమైన మట్టి ఎక్కడో అడుగున పడింది. డైనోసార్లు పుట్టకముందు కాలపు ఇసుకరాయి పైకొచ్చి ఎండకు కాగుతోంది. అందులో విత్తనం లేదు, వేరు లేదు, వానపాము లేదు, చెదపురుగు లేదు. ఆకును మట్టిగా మార్చే బూజు కూడా లేదు. వాన పడితే నీళ్లు ఇంకవు, గండ్లు కోసుకుంటూ వాగులోకి పోతాయి. ఇలాంటిచోట ప్రకృతి తనంతట తాను కోలుకోవాలంటే మనుషుల తరాలు సరిపోవు. నాటాల్సిందే.

ఎలా నాటాలన్నదానికీ ఒక వరస ఉంది. తవ్వకానికి ముందే పైమట్టిని వేరుగా తీసి దాచి, గుట్ట తయారయ్యాక తిరిగి పరచాలి. ముందు గడ్డి వేయాలి. అది మట్టిని పట్టి ఉంచుతుంది. తర్వాత కానుగ, మోదుగ, సండ్ర లాంటి చిక్కుడు కుటుంబపు చెట్లు రావాలి. వీటిలో చాలావాటి వేర్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు తెచ్చిపెడతాయి. ఆకు రాలి, కుళ్లి, కాస్త మట్టి తయారయ్యాక నేరేడు, ఉసిరి, తాని, కరక్కాయ చెట్లు నిలబడతాయి.

సింగరేణిలో దశాబ్దాలుగా మొక్కలు నాటుతున్నారు. సంస్థ సీఎండీగా పనిచేసిన ఎన్.బలరామ్ స్వయంగా పలుగూ పారా పట్టి వేలాది మొక్కలు నాటి పేరు తెచ్చుకున్నారు. పైఅధికారి దిగితే కింద కదలిక వస్తుందనడానికి అదొక రుజువు. అయితే ఓబీ గుట్టల మీద చాలాకాలం జామాయిల్, సుబాబుల్ లాంటి తొందరగా పెరిగే పరదేశపు చెట్లదే రాజ్యం. రోడ్డు మీంచి చూస్తే పచ్చగానే ఉంటుంది. లోపలికెళ్తే పిట్ట వాలడానికి పండు లేదు. ఒక తోట అడవిగా మారుతోందో లేదో చెప్పడానికి నా మటుకు ఒక్క పరీక్ష చాలు: పండు తినే పిట్టలు వస్తున్నాయా? అవి వస్తే వాటి రెట్టల్లో కొత్త విత్తనాలూ వస్తాయి. అక్కడి నుంచి మనిషి పని సగం తగ్గుతుంది.

బాక్స్: కోనోకార్పస్ పాఠం

*నర్సరీలో సులువుగా వస్తుంది, నీళ్లు తక్కువైనా బతుకుతుంది, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, పశువులు ముట్టవు. ఈ గుణాలు చూసే కోనోకార్పస్‌ను ఊరూరా, రోడ్డు మధ్యలో కూడా నాటారు. పుప్పొడితో ఇబ్బందులనీ, వేర్లు పైపులను చీలుస్తున్నాయనీ ఫిర్యాదులు రావడంతో తెలంగాణ ప్రభుత్వం 2022లో నర్సరీల్లో వాటి పెంపకాన్ని ఆపమంది. మొక్కను బతికిన శాతంతోనే కొలిస్తే ముందు గెలిచేది ఇలాంటి మొక్కే.*

జామాయిల్ పంట, అడవి కాదు

ఈ ప్రాంతంలో జామాయిల్ గురించి మాట్లాడకుండా అడవి గురించి మాట్లాడలేం. సారపాకలో కాగితపు మిల్లు 1979లో మొదలైంది. తొలిరోజుల్లో దాని ఆకలి తీర్చింది అడవిలోని వెదురు. తర్వాత రైతుల చేలల్లోకి జామాయిల్ వచ్చింది. అటవీ అభివృద్ధి సంస్థ కూడా కొత్తగూడెం, సత్తుపల్లి వైపు వేల ఎకరాల్లో పెంచింది. రైతుకు నాలుగైదేళ్లకోసారి చేతికి డబ్బొచ్చింది, అడవి వెదురు మీద ఒత్తిడీ తగ్గింది. ఇది ఒప్పుకోవాల్సిన మంచే. ఒకప్పుడు అడవి ఉన్నచోట జామాయిల్ వేసి, దాన్నీ పచ్చదనం లెక్కలో కలపడమే తప్పు. మొక్కజొన్న చేనును ఎవరూ అడవి అనరు. జామాయిల్ తోటా అంతే.

మొక్క కాదు, మంట

ఇక రెండో నేల. పినపాక, కరకగూడెం, గుండాల వైపు గుట్టల్లో నరికిన చెట్టు మొద్దు పక్కన వానాకాలంలో కూర్చుని చూడండి. నల్లమద్ది మొద్దు చుట్టూ పది పిలకలు లేస్తాయి. తునికి వేరు నేల లోపల పాకి అడుగడుగునా తలెత్తుతుంది. టేకు, ఏగిస, మోదుగ, పాల, అన్నీ అంతే. పైన కనిపించేది రెండేళ్ల మొక్క కావచ్చు, కింద వేరుకు ముప్పై నలభై ఏళ్ల వయసు. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క దానితో పోటీ పడలేదు. ఏటా నిప్పు కాలుస్తుంది, ఏటా మేక కొరుకుతుంది, ఏటా వేరు మళ్లీ చిగురిస్తుంది. దానికి మూడు నాలుగేళ్లు వదిలేస్తే చాలు, మనిషెత్తు దాటుతుంది. ఆ పైన మామూలు నేలమంట దాన్ని ఏమీ చేయలేదు.

అటవీశాఖ భాషలో దీన్ని సహజ పునరుత్పత్తికి సాయం అంటారు. పని చిన్నది, ఓపిక పెద్దది. మాఘం, ఫాల్గుణాల్లో ఆకు రాలగానే ఫైర్ లైన్లు గీయాలి, అంటే నిప్పు దాటకుండా రెండు మూడు మీటర్ల వెడల్పున ఆకులు ఊడ్చి బాట చేయాలి. ఇప్పుడు దీనికి బ్లోయర్లు వాడుతున్నారు. కట్టె చీపుర్లతోనూ అవుతుంది. మొద్దు మీద లేచిన పది పిలకల్లో ఒకటో రెండో బలమైనవి ఉంచి మిగతావి కోయాలి. పశువులను రెండు మూడేళ్లు ఒక వైపు ఆపి, ఇంకో వైపు మేపాలి.

తర్వాత లంటానా. పూలు అందంగా ఉంటాయి కాబట్టి ఒకప్పుడు తోటల్లో పెంచడానికి తెచ్చారు. ఇప్పుడది అడవి అడుగును కప్పేసి కింద ఏదీ మొలవనివ్వదు. కొడవలితో నరికితే ఇంకా గుబురుగా వస్తుంది. గుంజి పీకితే మట్టి కదిలి, అందులో పడున్న దాని గింజలు మొలుస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ సి.ఆర్.బాబు బృందం ఒక తేలిక పద్ధతి రూపొందించింది. కాండం వేరుగా మారే చోట, నేల మట్టానికి కాస్త కింద, ప్రధాన వేరును గొడ్డలితో తెంచి, పొదను ఎత్తి తలకిందులుగా పెట్టేస్తారు. వేరు గాలికి ఎండిపోతుంది, మళ్లీ మొలవదు. కాయలు కాయకముందే చేయాలి. ఖాళీ అయిన జాగాలో వెంటనే స్థానిక గడ్డి విత్తనం చల్లాలి, లేకపోతే వయ్యారిభామ వచ్చి కూర్చుంటుంది. ఒక ఆదివారం పదిమంది కుర్రాళ్లకు ఇంతకంటే మంచి పని ఏముంటుంది?

విత్తన బంతులు విసరడం మాత్రం నన్ను అంతగా ఒప్పించలేదు. చేయడానికి సరదా, విసరడానికి సరదా. రాతి మీదో ఎండుటాకు మీదో పడిన బంతిలోని గింజ మొలిచినా వేరు నేలను అందుకోలేదు, మిగిలినవి చీమలూ ఎలుకలూ తింటాయి. అడవి అంచున కొదవ విత్తనానికి కాదు.

ఇప్ప విషయంలో అది కొంచెం వేరు. పువ్వు ఏరుతాం, తర్వాత కాయ ఏరి నూనె తీస్తాం, మిగిలిన నాలుగు గింజలు మొలిస్తే చెట్టు కింద నిప్పు పెడతాం. ఇప్పగింజ దాచితే ఆగదు, రాలిన కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తి పోతుంది. అందుకే తాతల నాటి పెద్ద చెట్లున్న చోట్ల కూడా మనవడి వయసు చెట్లు అరుదు. కోయ ఇళ్లలో పెళ్లికైనా, చావుకైనా, కొలుపుకైనా కావలసిన ఇప్పసారా ఈ చెట్టుదే. పువ్వును ఎండబెట్టి దాచుకుంటే కరువులో అదే తిండి.

నిప్పు లేకుండా పువ్వు ఏరడం సాధ్యమేనా? మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో చెట్టు కింద నేలకు ఎత్తుగా వల కడుతున్నారు. పువ్వు మట్టి అంటకుండా వలలో పడుతుంది. లడ్డూలు, బిస్కెట్లు చేసేవాళ్లు శుభ్రమైన పువ్వుకు ఎక్కువ ధర ఇస్తారు. మన ఉట్నూరులోనూ ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. వల ఖర్చు ఎవరు పెట్టాలన్నదే మిగిలిన ప్రశ్న. ఒక్క మొక్క నాటించి, ట్రీగార్డు పెట్టించి, మూడేళ్లు నీళ్లు పోయించే ఖర్చుతో పోల్చి చూస్తే అది కష్టమైన ప్రశ్న అనిపించదు.

బాక్స్: తునికాకు లెక్క

*బీడీ ఆకు కోతకు ముందు, చలి తగ్గే రోజుల్లో తునికి కొమ్మలు కొడతారు. అప్పుడే లేత ఆకు బాగా వస్తుంది. కొమ్మ కొట్టే ఓపిక లేనిచోట నిప్పు పెడతారు, అప్పుడూ చిగురు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆకు కోసి, 50 ఆకులకు ఒక కట్ట కట్టి కల్లంలో అప్పగిస్తారు. 1,000 కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా. అడవిలో వేసవి మంటలకు తునికాకు, ఇప్పపువ్వు రెండూ కారణాలే. బతుకుతెరువులూ అవే.*

ఎర్రబోడులో ఏం జరిగింది

2022 నవంబరు 22. చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర అటవీశాఖ మొక్కలు నాటిన చోట గొడవ. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ చలమల శ్రీనివాసరావు మీద దాడి జరిగింది. ఆయన ప్రాణాలు కోల్పోయారు. దాడి చేసిన ఇద్దరు గుత్తికోయలకు మరుసటి ఏడాది కొత్తగూడెం కోర్టు జీవితఖైదు విధించింది. ఒక నిజాయతీ గల అధికారి కుటుంబం దిక్కులేనిదైంది. 2005 తర్వాత సల్వాజుడుం హింసకు తాళలేక ఛత్తీస్‌గఢ్ నుంచి గోదావరి దాటి వచ్చిన గుత్తికోయ కుటుంబాలు మరోసారి అనుమానపు చూపుల కింద పడ్డాయి.

గొడవ దేని మీద? మొక్కల మీద. పోడు చేస్తున్నవాళ్లకు అది చేను, శాఖకు అది అడవి. మైదానంలో మొక్క నాటడం పుణ్యకార్యం. పోడు నేలలో మొక్క నాటడమంటే ‘ఈ భూమి నీది కాదు’ అని చెప్పడం. ఉమ్మడి రాష్ట్రంలో 1990లలో వన సంరక్షణ సమితులు వచ్చినప్పుడు కూడా చాలాచోట్ల పోడు భూముల్లోనే తోటలు లేచాయి. ఆ చేదు ఈ ఊళ్లు మరిచిపోలేదు. ఇక్కడ స్వచ్ఛందంగా మొక్క పట్టుకుని వెళ్లేవాళ్లు ముందు అడగాల్సింది గుంత ఎంత లోతు అని కాదు, ఈ నేల ఎవరిది అని.

2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. రాష్ట్రంలో సుమారు 1.51 లక్షల మందికి, 4.06 లక్షల ఎకరాలకు పట్టాలు. అన్ని జిల్లాల కంటే ఎక్కువ వచ్చింది భద్రాద్రి కొత్తగూడేనికే. చేను ఎవరిదో కొంత తేలింది. చేను పక్కనున్న అడవి ఎవరిదో తేలలేదు.

సగం వానతో సాధించినవాళ్లు

మణుగూరులో కురిసే వానలో దాదాపు సగమే కురిసే చోట ఈ చిక్కు ముడిని కొందరు విప్పి చూపించారు. పాత అనంతపురం జిల్లా, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలోని చెన్నేకొత్తపల్లి. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, మరికొందరు కలిసి టింబక్టు కలెక్టివ్ మొదలుపెట్టారు. తొలుత 32 ఎకరాల బీడు భూమి. దాని అనుభవంతో ముష్టికోవెల, చుట్టుపక్కల ఊళ్ల జనంతో కలిసి ఊరుమ్మడి కొండల వైపు నడిచారు. రెవెన్యూ రికార్డుల్లో బంజరు అని రాసి ఉన్న ఆ ఏడు వేలకు పైగా ఎకరాలకు కల్పవల్లి అని పేరు.

నాటింది తక్కువ, కాసింది ఎక్కువ. ఊరివాళ్లే కాపలాదారులయ్యారు. ఏటా వేసవిలో కొండ మీద ఎండుగడ్డికి అంటుకునే మంటలను ఫైర్ లైన్లతో ఆపారు. కట్టె కొట్టడానికి హద్దులు పెట్టుకున్నారు. రెండు మూడేళ్లకు గడ్డి ఒత్తుగా వచ్చింది, మేతకు గొర్రెలు దూరం పోనవసరం లేకపోయింది. పదేళ్లకు వాగుల వెంట ఈతవనం లేచింది. ఈతాకుతో చీపుర్లు, చాపలు, బుట్టలు. ఈతకల్లు సరేసరి. తోడేళ్లు, చిరుతలు తిరిగొచ్చాయి. అడవి వల్ల పొయ్యి వెలుగుతోంది కాబట్టి కాపలాకు మనుషుల్ని వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

తర్వాత గాలిమరలు వచ్చాయి. 2010 తర్వాత కొండల మీద మరలు నిలబెట్టడానికి రోడ్లు కోశారు, చెట్లు పోయాయి, మట్టి వాగుల్లోకి జారింది. వ్యవహారం హరిత ట్రిబ్యునల్‌ దాకా వెళ్లింది. రెండు దశాబ్దాల కాపలా తర్వాత కూడా కాగితం మీద అది బంజరే. బంజరును ఎవరికైనా ఇవ్వొచ్చు. ఊరు పెంచిన అడవికి ఊరి పేరున కాగితం లేకపోతే ఏమవుతుందో అక్కడ చూశాం.

బాక్స్: మన జిల్లాల మనుషులు

*ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లికి చెందిన వనజీవి దరిపల్లి రామయ్య 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. వేసవంతా విత్తనాలు ఏరుకోవడం, వాన పడగానే సైకిల్ మీద బయల్దేరడం, కాలువ గట్ల మీద, రోడ్ల పక్కన, గుళ్ల దగ్గర నాటడం ఆయన జీవితం. కోటికి పైగా మొక్కలు నాటారని పేరు. చెట్లను కాపాడమనే నినాదం రాసిన పచ్చటి బోర్డు మెడలో వేసుకుని తిరిగేవారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. భార్య జానమ్మ ఆయనకు తోడు.*

*సూర్యాపేట జిల్లా మోతె మండలం రాఘవాపురంలో దుశ్చర్ల సత్యనారాయణది ఇంకో దారి. నల్లగొండ ఫ్లోరైడ్ గోస మీద పోరాడిన జలసాధన సమితి స్థాపకుడు. 70 ఎకరాల సొంత భూమిని అమ్మకుండా, దున్నకుండా, అడవిగానే వదిలేశారు. అందులో కుంటలున్నాయి, నెమళ్లున్నాయి.*

చట్టంలో ఉన్న ఒక మాట

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. పోడు పట్టాల చట్టంగానే దానికి పేరు. కానీ ఊరు అనాదిగా వాడుకుంటున్న సామూహిక అడవిని కాపాడుకునే, పునరుద్ధరించుకునే, తన పద్ధతిలో నడుపుకునే హక్కు గ్రామసభకు ఉందని అదే చట్టం చెబుతోంది. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మెండా-లేఖా అనే గోండు గ్రామం 2009లో సుమారు 1,800 హెక్టార్లకు ఆ హక్కు సాధించింది. వెదురు ఎప్పుడు కొట్టాలో, ఎంత కొట్టాలో, ఎవరికి అమ్మాలో ఆ ఊరి సభే తేలుస్తుంది. గడ్చిరోలి మనకేమీ దూరం కాదు, ప్రాణహిత, గోదావరి అవతలి ఒడ్డే.

తెలంగాణలో వ్యక్తిగత పట్టాలకు ఉన్న ఊపు ఈ సామూహిక హక్కులకు లేదు. ఒక కారణం తేలిగ్గానే ఊహించొచ్చు. చేనుకు పట్టా ఇస్తే ఓటు గుర్తుంటుంది. గుట్టకు పట్టా ఇస్తే శాఖ చేతిలోని అధికారం కొంత జారుతుంది. ఇంకో కారణం మనలో ఉంది. పట్నాల నుంచి వచ్చే స్వచ్ఛంద బృందాలు మొక్కలు తెస్తాయి, టీషర్టులు తెస్తాయి. ఊరి హద్దుల పటం గీయడానికి జీపీఎస్ పట్టుకుని గుట్ట ఎక్కే బృందం ఒక్కటి వచ్చినా ఊరికి ఎక్కువ మేలు. కోయ గూడేల్లో డిగ్రీ చదివిన పిల్లలున్నారు, స్మార్ట్‌ఫోన్లున్నాయి. నేర్పితే వాళ్లే చేస్తారు.

పనికి కావలసిన కాగితం పేరు ఫారం-సి. చేనుకు పెట్టుకునేది ఫారం-ఎ, కలప తప్ప మిగతా ఉమ్మడి వాడకాలకు ఫారం-బి, గుట్టమొత్తం కాపాడుకునే హక్కుకు ఫారం-సి. అందులో ఊరి పేరు, గ్రామసభ సభ్యుల జాబితా, హద్దుల్లో ఉన్న పక్క ఊళ్లు రాయాలి, పటం జత చేయాలి. పక్క ఊరితో హద్దు దగ్గర పేచీ వస్తే రెండు సభలూ కూర్చుని తేల్చుకోవచ్చు. సాక్ష్యానికి పాత రికార్డులే ఉండాలని లేదు. శ్మశానం, బావి, దేవతలు కొలువున్న చోటు కూడా సాక్ష్యమే. ఊరి పెద్దలు చెప్పింది రాసుకుని సంతకమో వేలిముద్రో తీసుకుంటే అదీ చెల్లుతుంది. గుట్ట మీద ఏ బండ దగ్గర ఎవరి తాత ఇప్పపువ్వు ఏరాడో, ఏ వాగు దాటితే పక్క ఊరి మేత మొదలవుతుందో చెప్పగల ముసలివాళ్లు ఈ గూడేల్లో ఇంకా ఉన్నారు. వన మహోత్సవం పేరుతో జూలైలో వచ్చేవాళ్లు ఒక రోజు ముందొచ్చి వాళ్ల దగ్గర కూర్చుని ఆ మాటలు రాసుకుంటే, మరుసటి రోజు మొక్కలు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో కూడా వాళ్లే చెబుతారు.